చేలో మనిషి ఉంటే

మొగల్తూరు

చిరంజీవి యుగంధర్‌కు అక్క ఆశీస్సులు.

నువ్వు మాట్లాడిపెట్టిన విదేశీ ఉద్యోగానికి మా ఫణి వెళ్ళడం లేదు. ఇక్కడ వరిచేలకు డ్రోన్‌తో మందు కొడుతున్నాడు కాబట్టి అక్కడా అదే పని అని ఏజెంటు నీతో చెప్పి ఉంటాడు. నీమీద నాకు అనుమానం లేదు.

నిన్న ఆ ఏజెంటు మావాడికి ఫోనులో ఆటలాంటి పరీక్ష ఒకటి పంపాడు. పరిగెత్తే మనిషి వెనకే డ్రోన్ నడిపి, నెత్తిన బాంబు పడేయాలి. తర్వాత ఏజెంటు ఫోను చేస్తే నేనే ఎత్తాను.

"అక్కడ యుద్ధమా బాబూ?"

"పెద్ద సైన్యాలేం ఉండవండి అమ్మగారూ. చిన్న చిన్న గుంపులు కొట్టుకుంటుంటాయండి, ఎవరి గుంపు వాళ్ళదేనండి. మీవాడు గదిలోంచి కదలక్కర్లేదండి."

"ఇక్కడ డ్రోన్ లేపే ముందు మావాడు గట్లన్నీ తిరిగి, కలుపు తీసేవాళ్ళని కేకేసి బయటికి పంపుతాడు. చేలో మనిషి ఉంటే లేపడు," అని ఫోను పెట్టేశాను.

ఫణి అలిగి అన్నం మానేశాడు. "నేనేమన్నా చంపుతానా అమ్మా, బటన్ నొక్కుతానంతే," అంటాడు. దేవుడి ముందు నిలబడి ఆ మాట నేను ఒప్పుకోలేను.

వాడి పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంది. సోమవారం పాలకొల్లులో స్వామి దర్శనం చేసుకుని నేరుగా మీ ఇంటికి వస్తాను. ఈలోగా వాడు ఎంత బతిమాలినా ఇవ్వకు, నా చేతికే ఇవ్వు. ఇవ్వనంటే మీ గుమ్మంలోనే కూర్చుంటాను.

వాడు జన్మంతా నాతో మాట్లాడకపోయినా సరే, రోజూ వాడి కంచంలో అన్నం పెడతాను.

నీ అక్క