గడ్డిరంగు కారు ఎవరికి చెందాలి

కార్ల సీట్లు కుట్టే షాపు యజమానురాలిని, కాలం చేసిన మెకానిక్ భార్యను అయిన నేను, డెబ్బై రెండేళ్ల వయసులో నా చేత్తో రాసి ఇస్తున్న వీలునామా ఇది. నాకు చక్కెర జబ్బు ఉంది. ఎడమ చెవి వినిపించదు. మతి మాత్రం సరిగ్గా ఉంది. నిన్ననే డాక్టరు పరీక్షించి ఆ మాట రాసిచ్చాడు, ఆ కాగితం దీనికి జతపరిచాను. నా మరిది ఎలాగూ "ముసల్దానికి మతి చెడింది" అంటాడు కాబట్టి దానికి మూడు నకళ్లు తీయించాను. ఇదివరకు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు.

1. నా కారు కేసు వాదించిన లాయరమ్మ ఈ వీలునామాను అమలు జరపాలి. ఆమెకు మనుషుల కన్నీళ్ల కంటే స్టాంపు కాగితం మీద నమ్మకం ఎక్కువ. అందుకే ఆమెను ఎంచుకున్నాను.

2. షాపు, రెండు కుట్టుమిషన్లు, తోలు చుట్టలు, నా కత్తెరలు నాతోపాటు పనిచేస్తున్న నా కూతురికి. పెద్ద మిషను చలికాలం పొద్దున్నే మొరాయిస్తుంది. తిట్టకుండా నూనె వేసి పది నిమిషాలు ఆగాలి.

3. ఇక అందరూ కాచుకు కూర్చున్న ఆస్తి. షెడ్డులో ఉన్న రెండు సీట్ల కారు. ఎత్తు నా నడుము దాకా కూడా రాదు, పన్నెండు సిలిండర్ల ఇంజను సీట్ల వెనక ఉంటుంది. ఫ్యాక్టరీ ఈ మోడల్ కార్లను మొత్తం నాలుగు వందల చిల్లర చేసింది. దాదాపు అన్నీ ఎరుపో పసుపో, లోపల నల్ల తోలు. దీన్ని ఆర్డరిచ్చినది ఒక పళ్ల డాక్టరమ్మ. మనిషి పొట్టి, పట్టుదల పొడుగు. ఎండుగడ్డి రంగు కావాలంది. తోలు వాసన పడదని సీట్లకు ఉన్ని గళ్ల గుడ్డ వేయించుకుంది. కాళ్లు అందేలా పెడళ్లను నాలుగు అంగుళాలు సీటు వైపు జరిపించింది. రేడియో వద్దని ఆ చోట చిన్న అర పెట్టించింది. ఇవన్నీ కారు తయారయ్యేటప్పుడు ఫ్యాక్టరీలోనే చేసినవి. కొన్నాక బయట చేయించిన మార్పు కారు ధరను పడగొడుతుంది. ఫ్యాక్టరీ చేసిన మార్పు పదింతలు చేస్తుంది. ఈ తేడా దగ్గరే మా కుటుంబం విరిగింది.

4. చూపు మందగించి డాక్టరమ్మ కారు అమ్మినప్పుడు నా భర్తా మరిదీ కలిసి కొన్నారు. మరిది దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ గడ్డి రంగు ఎవడు కొంటాడు వదినా? ఎరుపు కొట్టిద్దాం. నువ్వు ఆ దుప్పటి గుడ్డ పీకేసి నల్ల తోలు కుట్టు" అన్నాడు. గుడ్డ విప్పుతుంటే వెనకవైపు పెన్సిలుతో రాసిన అంకెలు కనిపించాయి. ఛాసిస్ మీదున్న నంబరే, అంటే ఆ గుడ్డ ఫ్యాక్టరీ వేసినదే. తీసుకెళ్లి మరిదికి చూపించాను. "నీ పని సూదీ దారం. అమ్మకం నా పని. నోరు మూసుకుని కుట్టు" అన్నాడు. నా భర్త పక్కనే కార్బురేటరు తుడుస్తూ తలెత్తలేదు. ఆయన మీద నాకు ఎన్నడూ తగ్గని ప్రేమ ఆ పూట తగ్గింది. నేను నోరు మూసుకుని కుట్టాను. ఆ తప్పు నాది. గుడ్డను మాత్రం ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచాను.

ఎర్ర కారు అమ్ముడుపోలేదు. మామూలు ఎత్తు మగవాడు ఎక్కితే మోకాళ్లు స్టీరింగుకు తగిలేవి. అన్నదమ్ములు విడిపోయినప్పుడు మరిది షోరూమూ నడిచే కార్లూ తీసుకుని, "ఎవడూ కూర్చోలేని బండి, వదిన పేర రాయండి" అని నవ్వాడు. రాశారు. కింద అతని సంతకం ఉంది.

ఆ తర్వాత నేనూ నా కూతురూ నీళ్లు పోస్తూ, గరుకు కాగితంతో ఎనిమిది నెలలు ఆ ఎరుపు గీకాం. గోళ్లు అరిగిపోయాయి. కింద గడ్డి రంగు అలాగే ఉంది. పాత గుడ్డ తీసి మళ్లీ కుట్టాను.

5. నా భర్త పోయిన మూడో ఏట ఫ్యాక్టరీ పాత ఆర్డరు పుస్తకాలు బయటపెట్టింది. ఆ రంగూ ఆ గుడ్డా కలిసి చేసినది ఒక్క కారేనని తేలింది. వారం తిరక్కుండా మరిది కోర్టుకెక్కాడు, కారు ఉమ్మడిదట. అతని సంతకమే చూపించాం, అతని కేసు కొట్టేశారు. కానీ ఆ కేసులో నా కొడుకు బోనెక్కి, "ఆ గళ్ల గుడ్డ మా అమ్మ బజార్లో కొని కుట్టింది. నేను కళ్లారా చూశాను" అన్నాడు. వాడు అప్పటికి బాబాయి షోరూములో మేనేజరు. ఆ మాట పట్టుకుని పాత కార్ల వేలంపాటల పత్రిక నా కారును అనుమానపు సరుకని అచ్చేసింది. నెలలోపే ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి ఒకడు వచ్చి పావు ధరకు అడిగాడు. అతను మా మరిది డ్రైవరు తోడల్లుడని నా కూతురు కనిపెట్టింది.

6. కాబట్టి నిజం ఇక్కడ రాసిపెడుతున్నాను. డ్రైవరు సీటు గుడ్డ, రెండు తలుపుల గుడ్డ ఫ్యాక్టరీవి. పక్క సీటు అడుగుభాగాన్ని చిమ్మెటలు తిన్నాయి, అక్కడ మాత్రం నేను నేయించిన గుడ్డ ఉంది. పోయిన ఏడు ఫ్యాక్టరీ మనిషి వచ్చి రెండు రోజులు భూతద్దంతో చూసి ఇదే రాసిచ్చాడు. ఆ కాగితం కారును విడిచి ఉండకూడదు. నా గుడ్డను ఫ్యాక్టరీదని చెప్పి ఎవరూ అమ్మకూడదు, నా కూతురైనా సరే.

7. కారులో సగం నా కూతురికి. డాక్టరమ్మ బతికున్నంత కాలం నెలకోసారి ఆమెను పక్క సీట్లో కూర్చోబెట్టి ఊరి బయటికి తిప్పాలి. ఆమెకు ఇప్పుడు ఏమీ కనిపించదు. ఇంజను చప్పుడు విని ఏ గేరులో ఉన్నామో చెబుతుంది. తప్పు చెబితే సరిదిద్దవద్దు.

8. నా మరిదికి, మేం గీకిన ఎర్రరంగు పొడి ఒక సీసాడు. మూత బిగించి ఉంచాను. అతనికి గానీ, అతని తరఫున వచ్చే బంధువుకు, డ్రైవరుకు, డ్రైవరు తోడల్లుడికి గానీ కారు అమ్మకూడదు. నా శవం దగ్గర అతను నన్ను పొగడకూడదు. పొగడడం మొదలుపెడితే లాయరమ్మ ఆపించాలి.

9. ఈ క్లాజు కొట్టివేశాను. ఇందులో ఇలా ఉండేది: "కారులో మిగతా సగం నా కొడుకుకు. కోర్టులో వాడన్న మాట నేను మరిచిపోయాను." అది నిన్న రాశాను. ఈ ఉదయం వాడు వచ్చాడు. రెండేళ్ల తర్వాత. టీ ఇచ్చాను. "అమ్మా, కోర్టులో నేనన్నది అబద్ధమని రాసిస్తా. కారు రేటు కూడా పెరుగుతుంది. నాకు సగం రాస్తావా?" అన్నాడు. కాగితం నా ఒళ్లోనే ఉంది. ఇంకో మాట ఏదైనా అంటాడేమోనని టీ చల్లారేదాకా చూశాను. "పోనీ, మూడోవంతు?" అన్నాడు.

ఆ సగం కూడా నా కూతురికే. కొట్టివేత పక్కన నేనూ సాక్షులూ సంతకాలు చేశాం. గీత తిన్నగా రాలేదు, "కొడుకు" అన్న మాట దగ్గర పక్కకు పోయింది. సాక్షులు స్కేలు పెట్టి మళ్లీ గీయమంటే నేను గీయలేదు. అది వంకరగా ఉందని చెప్పి ఈ వీలునామా చెల్లదని ఎవరూ వాదించకూడదు.

తేదీ: 14-03-2019, గురువారం, మధ్యాహ్నం.

(సంతకం) వీలునామాదారు, సీట్లు కుట్టే ఆమె

సాక్షులు:
1. (సంతకం) ఎదురు మందుల షాపు యజమాని
2. (సంతకం) మేడ మీద అద్దెకుండే డ్రాయింగు టీచరు