ముసలమ్మకు పేరుంది ఫాదర్

ఫాదర్ గారూ, నమస్కారం. మీరు పోయి పదకొండు నెలలైంది. ఇన్నాళ్లూ మిమ్మల్ని తలుచుకుంటే ఏడుపొచ్చేది. ఇప్పుడు కోపమొస్తోంది. ఆ కోపంతోనే రాస్తున్నాను.

మా గూడెంలో భూమి పట్టాల విచారణ మొదలైంది. ఎన్ని తరాలుగా ఈ అడవి అంచున దున్నుకుంటున్నామో రుజువు చూపాలట. మా దగ్గర కాగితాలు ఎక్కడివి? మీరు రాసిన మన్యం ఊళ్ల చరిత్ర ఉందిగా అని ధీమాగా దుమ్ముగూడెం ఆఫీసుకు వెళ్లి, మా ఊరి పేజీ తీసి ఆఫీసరు ముందు పెట్టాను.

ఒక ముసలమ్మ చెప్పింది... ఇంకో పెద్దాయన చెప్పాడు... పేజీ నిండా ఇదే! ఈ ముసలమ్మ ఎవరు, అసలు ఉందా అని అడిగారు. అట్ట తిప్పి చూస్తే రాసిన మీ పేరూ లేదు. ఎవరు నమ్ముతారు ఫాదర్?

ఆ ముసలమ్మ మా అవ్వ. మీరు తెల్ల అంగీ మడిచి మా వాకిట్లో కూర్చుంటే, ఇప్పపూలు ఎండబోస్తూ మూడు రోజులు చెప్పింది. తన తాత అడవి కొట్టి మొదటి చేను ఎక్కడ వేశాడో, పోయిన పెద్దల గుర్తుగా రాళ్లు ఎక్కడ నిలిపారో... అవ్వ కోయలో చెప్పింది, నేను తెలుగులో చెప్పాను, మీరు నోట్‌బుక్కులో రాసుకున్నారు. అందులో అందరి పేర్లూ ఉన్నాయి. నేను చూశాను.

ఆ నోట్‌బుక్కుల కోసం మీ సిస్టర్షియన్ సన్యాసుల మఠానికి వెళ్లాను. పుస్తకం అచ్చవగానే వాటిని మీ చేత్తో మీరే వంటపొయ్యిలో పెట్టారట. సన్యాసికి సొంతమంటూ ఏదీ మిగలకూడదట. బ్రదర్లు మిమ్మల్ని మెచ్చుకుంటూ చెప్పారు! నాకు ఒళ్లు మండిపోయింది. అవి మీ సొంతమని ఎవరన్నారు?

"పేరెందుకు బిడ్డా? దేవునికి ఎర్కే గద, గంతే చాలు" అనేవారు మీరు. విచారణకు దేవుడు వస్తాడా? మీ పేరు దాచుకోవడం మీరు పట్టిన వ్రతం. మా పేర్లెందుకు దాచారు? మేమేమైనా మీ మఠంలో చేరామా?

మీ సమాధి దగ్గరికీ వెళ్లాను. చెక్క సిలువ మీద మీ పేరుంది. తిడదామనే వెళ్లాను... కానీ మా అవ్వ మాట అంత ఓపిగ్గా విన్నవాళ్లు మీరు తప్ప ఇంకెవరున్నారు?

విచారణకు సోమవారం మళ్లీ రమ్మన్నారు. ప్రతి వాకిట్లో మీ పక్కన కూర్చున్నది నేనే కదా, నాకన్నీ గుర్తున్నాయి. ముసలమ్మ అన్నచోట పేజీ అంచున కుంజా ముత్తమ్మ అని రాశాను. అలాగే మిగతా అందరివీ. ప్రతి పేరు పక్కనా వాళ్ల పిల్లలు వేలిముద్ర వేస్తున్నారు.

అట్ట మీద కూడా రాశాను. ఫాదర్ మరియదాసు అని, పెద్ద అక్షరాలతో. మీకు నచ్చదని తెలుసు. సోమవారం ఎవరు రాశారని అడిగితే వేలు పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
ముత్తమ్మ మనవరాలు,
కుంజా రాధ