గది నడుమ రంపం మిషను

అన్నయ్యకు నమస్కారాలు. మేం బాగానే ఉన్నాం, కంగారు పడకు.

చిన్నోడు మూడో అంతస్తులో వడ్రంగి షాపు పెట్టాడు. పోయిన మా పెద్దోడి రంపం మిషను తాళ్లు కట్టి పైకి ఎక్కించారు. గోడవారగా, నేల కింద దూలం ఉన్నచోట పెట్టమని మేస్త్రీ చెప్పినా వినకుండా గది నడిమధ్యన పెట్టాడు. "అన్న మధ్యలోనే పెట్టుకునేవాడు కదమ్మా" అంటాడు. మిషను తిరిగితే నేల వణుకుతోంది. కింద బట్టలు కుట్టే ఆవిడ, "అది నా నెత్తిన దిగేదాకా చూస్తారా పిన్నిగారూ" అంది. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఒకణ్ణి పోగొట్టుకున్నదాన్ని.

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? పెద్దోడికి పని నేర్పిన మేనమామవి, గోడవారకు జరపమని చిన్నోడికి నువ్వే ఒక ముక్క రాయి. పిల్లలకు నా దీవెనలు.

నేనే చెబుదామంటే నోరు రావడం లేదు. అది మధ్యలో ఉంటే, నాకూ పెద్దోడు పక్కన నిలబడ్డట్టే ఉంటోంది.

నీ చెల్లెలు