చింతపండు పెట్టి తోమిన బీదరు డబ్బా

జహీరాబాద్

బిడ్డా పూజితా, నీ సొంతింట్లో పాలు పొంగిస్తున్నావని విని నా కాళ్లు నేలమీద ఆనడం లేదు తల్లీ! ఆ సంబరంలోనే పాడుపని చేశాను. చనిపోయిన మీ అమ్మ గుర్తుగా నువ్వడిగిన, నల్లటి లోహం మీద వెండి పూలు పొదిగిన బీదరు వక్కల డబ్బాకు చిలుము పట్టిందని, ఇత్తడి చెంబులా చింతపండు, బూడిద పెట్టి తోమాను. నలుపంతా పోయి వెండి పూలు కనబడకుండా పాలిపోయింది. బీదరు ఊరికి తీసుకుపోతే ఈ డబ్బాలు చేసే పనాయన, "అయ్యో పెద్దమనిషీ, నలుపే గద దీని అందం! జర కొబ్బరినూనె బట్టతోని తుడిస్తే సరిపోతుండె" అన్నాడు. మళ్లీ నలుపెక్కించేసరికి గృహప్రవేశం దాటిపోతుందట. ఇలాగే తేవాలా, వద్దా? నువ్వే చెప్పు. అల్లుడి దగ్గు తగ్గిందా? అల్లం తెస్తాను. డబ్బా లోపల మాత్రం తోమలేదు బిడ్డా, మూత తీస్తే మీ అమ్మ వక్కల వాసన ఇంకా వస్తోంది. ఇద్దరూ చల్లగా ఉండండి.

మీ నాన్న సదాశివ