వడగట్టని నీళ్లు

బాపూ,

ఇవాళ నీ సంవత్సరీకం. బొగ్గు యార్డు చుట్టూ మట్టినీ నీళ్లనూ పరీక్షించేవాళ్లు ఇవాళే వచ్చారు. నువ్వు బతికుండగా ఎంత తిరిగినా రానివాళ్లు. మన చేన్లో మట్టి తవ్వి సంచుల్లో నింపుకుని, ఇంటికొచ్చి బావి నీళ్లు అడిగారు.

నీ ఇల్లాలు కదా, అవ్వ ఊరుకుంటుందా? చెంబు తోమి, తెల్లబట్టతో రెండుసార్లు వడగట్టి మరీ తెచ్చిచ్చింది.

"వడగట్టద్దు అవ్వా, ఉన్నయి ఉన్నట్టే ఇయ్యాలె" అంది వాళ్లలోని అమ్మాయి.

"గట్లాంటి నీళ్లు ఇంటికొచ్చినోళ్లకు ఎట్లిస్తం బిడ్డా? సిగ్గు గాదా?"

ఆ అమ్మాయి తనే చేదతో తోడి సీసా నింపుకుంది. కాసేపటికి సీసా అడుగున నల్లటి మడ్డి దిగింది. అవ్వ ముఖం తిప్పుకుంది. పోతూ పోతూ ఆ అమ్మాయి, "రిపోర్టు వచ్చేదాంక గీ నీళ్లు తాగద్దు" అని చెప్పింది.

మధ్యాహ్నం నీ ఫొటో ముందు విస్తరి వేశాం. నువ్వు తవ్విన బావి కదా అని నేను ఆ నీళ్లే తెచ్చాను. అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది. కొనుక్కొచ్చిన క్యాను వంచి గ్లాసు నింపి, నీ ముందు పెట్టింది.

"రిపోర్టు రానియ్యి. గప్పటిదాంక మీ బాపుకు గూడ గివే."