మూడు ప్యానెళ్ళ మీద నీడ

జూన్ 14, ఆదివారం

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని అనుకుంటే నాకు తేలిక కాబట్టి అలాగే అనుకుంటున్నాను. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నా భుజం మాత్రం అలాగే ఉంది. సోలార్ ప్యానెళ్ళు మోసేవాడికి అది మామూలే.

నీ ఉత్తరం అందింది. బట్టల కొట్టులో ఏడాదిగా బట్టలు మడతపెడుతున్నానని రాసిన చోట నీ అక్షరాలు వంకరపోయాయి. కొత్త సోలార్ కంపెనీవాళ్ళు నిన్ను తీసుకోవడానికి సిద్ధమేననీ, పిల్లల ఆసుపత్రి గొడవ ఒక్కటే అడ్డమనీ, అందులో నీ తప్పు లేదని నేను ఒక్క ముక్క రాస్తే చాలనీ అడిగావు. ఒక్క ముక్కే కదా. అన్నయ్యను అడగడానికి ఏడాది పట్టిందా?

ఆ రోజు నేను మరిచిపోలేదు. ఆసుపత్రి మేడ మీద పన్నెండు ప్యానెళ్ళు. మధ్యాహ్నం రెండు దాటగానే పక్క భవనం లిఫ్టు గది నీడ వచ్చి మూడింటి మీద కూర్చునేది. అన్నీ ఒకే వరసలో కలిపినవి కాబట్టి ఆ మూడూ మిగిలిన తొమ్మిదింటినీ కిందికి లాగేవి. లిఫ్టు గదిని జరపలేం, ప్యానెళ్ళకి వేరే చోటు లేదు, ఇంతకంటే కరెంటు రాదని నేను తేల్చేశాను. నువ్వేమో పిట్టగోడ మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ, తప్పు నీడది కాదు, ప్యానెళ్ళ కరెంటుని బ్యాటరీలకి పంపే కంట్రోలరుది అన్నావు. ఏ వోల్టేజి దగ్గర లాగితే కరెంటు బాగా వస్తుందో, నీడ పడ్డప్పుడు అలాంటి చోట్లు రెండు ఉంటాయట. కంట్రోలరు మొదట దొరికిన చిన్నదాని దగ్గరే చతికిలబడి, పెద్దదాన్ని వెతకడం లేదట. పది నిమిషాలకోసారి మొత్తం వెతికేలా దాని ప్రోగ్రాం మార్చావు. మీటరు ముల్లు లేచింది, డాక్టరుగారి కనుబొమలూ లేచాయి.

మన సోలార్ కొట్టు పెట్టిన మనిషి కదా, నాన్న కూడా వచ్చారు. "ఇరవై ఏళ్ళుగా చేస్తున్నావు, నీకెందుకు తట్టలేదురా?" అన్నారు. అందరి ముందూ అన్నారు.

నీ మీద నమ్మకంతో డాక్టరుగారు టీకాల కోసం రెండో ఫ్రిజ్ కూడా తగిలించారు. నాలుగో రోజు పొద్దున నర్సు ఫ్రిజ్ తలుపు తీస్తే బ్యాటరీలు ఖాళీ, సీసాలన్నీ వెచ్చబడి ఉన్నాయి. ఒక్కసారి మేడెక్కి చూడనివ్వమని నువ్వు బతిమాలావు. ఇక చాల్లే అని నేనే నీ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. నిన్ను మేధావి అని పిలిచే నాన్న, పోయేదాకా మళ్ళీ నీ ఊసెత్తలేదు.

ఒకటి ఒప్పుకోవాలి. నువ్వు వెళ్ళాక ఇంట్లో హాయిగా ఉంది. భోజనాల దగ్గర నా మాట సరిదిద్దేవాళ్ళు లేరు.

కంపెనీవాళ్ళకి రాయాల్సింది రాశాను. ఇక బెంగపెట్టుకోకు. వేళకి తిను.

ఇట్లు,
నీకున్న ఒకే ఒక్క అన్నయ్య

తా.క.: వాళ్ళకి ఏం రాశానో చెప్పలేదు కదూ. ఈ అమ్మాయిని ఏ మేడా ఎక్కించకండి అని రాసి శుక్రవారమే పోస్టు చేశాను. నీ ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. రెండో ఫ్రిజ్ తగిలించిన సాయంత్రమే మేడెక్కి దాన్ని తీసేసి పాతది పెట్టాను. ఏం జరుగుతుందో తెలిసే పెట్టాను. ఇప్పుడు అక్కడ నడుస్తున్నది నీదే, నా పేరు మీద. రెండు ఫ్రిజ్‌లూ చల్లగా ఉన్నాయి. డాక్టరుగారు నన్ను ఇంకో మూడు ఆసుపత్రులకి పంపారు.

ఈ ఉత్తరం ఎవరికి కావాలంటే వాళ్ళకి చూపించుకో. నీ మనసు కుదుటపడడానికి తప్పంతా నా మీద వేసుకుని ఒక ఉత్తరం రాస్తున్నానని డాక్టరుగారికీ, ఆ కంపెనీకీ, అమ్మకీ ముందే చెప్పి ఉంచాను. అమ్మ నా తల నిమిరి, నీది ఎంత మంచి మనసురా అని కళ్ళు తుడుచుకుంది.