తలకిందుల కిటికీ తలుపు

చిట్టితల్లికి, అమ్మ దీవెనలు. వేళకి తింటున్నాను, బెంగపడకు.

మన వీధి చివరి గడియారం మేడని పూర్వం ఉన్నట్టే చేస్తామని పనివాళ్ళొచ్చారు. మీ అన్నయ్య వడ్రంగం కొత్తలో అక్కడ కిటికీకి చెక్క రెక్కల తలుపొకటి తలకిందులుగా బిగించాడు కదా. రెక్కలు లోపలికి వాలి జల్లంతా లోపలికే కొట్టేది. వీధంతా వాణ్ణి "వానల వడ్రంగి" అని ఏడిపించేవాళ్ళు. రేపు సరిచేస్తాలే అంటూనే పోయాడు నా తండ్రి.

మొన్న దాన్ని ఊడదీస్తుంటే ఉండబట్టలేక వెళ్ళాను. "అలాగే ఉంచు బాబూ, మావాడు బిగించింది" అన్నాను. "వానకి మేడ పాడైపోదా పెద్దమ్మా?" అన్నాడు మేస్త్రి. నిజమే కదా. ఏడుపొచ్చేసింది. సాయంత్రం ఆ మేస్త్రే దాన్ని మోసుకొచ్చి మన వంటింటి కిటికీకి బిగించి వెళ్ళాడు. తలకిందులుగానే బిగించమన్నాను.

నిన్న జల్లుకి పొయ్యి తడిసింది. పొయ్యినే ఇవతలికి జరుపుకున్నాను. తడి చెక్క వాసన వస్తుంటే వాడు పనినుంచి వచ్చినట్టే ఉంది.

పాపకి దగ్గు తగ్గిందా? నీ పాత శాలువా ఒకటి పంపు. మీరొస్తే అల్లుడుగారు ఆ తలుపు చూసి ఊరుకోరు, సరిచేస్తానంటారు. వద్దని ముందే చెప్పి తీసుకురా.

కార్డులో చోటైపోయింది. అందరూ చల్లగా ఉండండి.

అమ్మ